కాశీకి పంపిన బామ్మను చూడటానికి గుడివాడ దారిలో

మా చెల్లెలు జ్యోతి టీవీ సీరియళ్ళు రాస్తుంది. చర్చిలో క్రిస్మస్ నాటికలతో మొదలుపెట్టి హైదరాబాదు వెళ్ళింది. చాలాకాలం వేరొకరి పేరు మీద డైలాగులు రాసింది. తర్వాత తన పేరుతో రాసింది, ఇప్పుడు సొంతంగా నిర్మిస్తోంది కూడా. దాని సీరియల్లో బామ్మ వేషం వేసే శేషారత్నం గారికి వేసవిలో పక్షవాతం వచ్చింది. నటులు రాలేకపోతే ఆ పాత్రను కాశీయాత్రకు పంపేయడం సీరియళ్ళ వాళ్ళకు అలవాటు. బామ్మనూ అలాగే పంపారు. నెలలు గడిచాయి. ఆ వేషం ఇంకొకరికి ఇవ్వమని చానల్ వాళ్ళు పట్టుబడితే, పాత్రయినా బతికుంటుంది కదా అని జ్యోతి ఒప్పుకుంది. ఆ సంగతి శేషారత్నం గారికి ఫోనులో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. "నువ్వు పక్కనుంటే చెప్పగలనక్కా," అంది. అందుకే ఈ ప్రయాణం.

బెజవాడలో మా ఇంటి నుంచి ఆరు గంటలకు బయల్దేరాం. గుడివాడ అవతల శేషారత్నం గారి ఊరికి తీసుకెళ్ళి, సాయంత్రం జ్యోతిని గన్నవరం విమానాశ్రయంలో దింపడానికి కారు మూడున్నర వేలు. ముందు గుణదల కొండెక్కాం. కొవ్వొత్తి వెలిగించి, చెల్లికి సరైన మాట ఇవ్వమని మరియమాతను అడిగాను. జ్యోతి మోకరించకుండా నిలబడే ఉంది. "చానల్ వాళ్ళకు ముందే ఒప్పేసుకుని వచ్చాను. ఇంకేం అడగనక్కా?" అంది.

హనుమాన్ జంక్షన్లో పెసరట్లు తిన్నాం. జ్యోతి ఏం చేస్తుందో తెలియగానే డ్రైవరు శ్రీను చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"బామ్మ కాశీ నుంచి ఎప్పుడొచ్చుద్దండీ? మా అమ్మ రోజూ అడుగుద్ది. కాశీకి నడిచెళ్ళినా ఈపాటికి తిరిగొచ్చేసేది గదండీ!"

"వస్తుందిలే బాబూ."

"మీరు తిప్పే మలుపులు ఈ జంక్షన్లో కూడా లేవండీ," అన్నాడు. జ్యోతి నవ్వింది గానీ రెండో అట్టు ముట్టుకోలేదు.

అక్కడి నుంచి గుడివాడ రోడ్డు పట్టి, ఊరు దాటాక కాలువ గట్టు మీదుగా వెళ్ళాం. దారి ఇరుకు, ఎదురుగా ట్రాక్టరు వస్తే ఆగాల్సిందే. పది దాటాక ఇల్లు చేరాం. శేషారత్నం గారు జరీ అంచు చీర కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. కోడలు పద్మ మజ్జిగ తెచ్చింది.

"ఏం పిల్లా," అన్నారు ఆవిడ, ఒక్కో మాటా కూడదీసుకుంటూ, "కాశీలో నాకు గది తీసిపెట్టావా, లేక గంగ ఒడ్డునే వదిలేశావా?"

నేను జ్యోతి భుజం మీద చెయ్యి వేశాను.

"వేషం ఇంకొకరికి ఇమ్మంటున్నారమ్మా," అంది జ్యోతి.

"మరి నువ్వేమన్నావు?"

"సరేనన్నాను."

పద్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వద్దు," అన్నారు శేషారత్నం గారు. "నా కళ్ళజోడు పెట్టుకుని, నా కుర్చీలో ఇంకొకత్తి కూర్చుంటే చూళ్ళేను. చంపెయ్."

"అత్తయ్యా, అవేం మాటలు!"

"నువ్వుండవే. నాటకాల్లో ఎన్నిసార్లు చచ్చానో నీకేం తెలుసు." మళ్ళీ జ్యోతి వైపు తిరిగారు. "దండేసిన ఫోటోతో సరిపెట్టకు. చావు మంచం మీద నేనే వచ్చి పడుకుంటాను. ఇన్నాళ్ళూ నువ్వు రాసిన మాటలన్నీ చెప్పాను. ఒక్క సీను మాటల్లేకుండా రాయి. నోరు పోయింది గానీ కళ్ళున్నాయిగా."

జ్యోతి కిందకు వంగి, కదలని ఆ కుడిచేతిని పట్టుకుంది. "రాస్తానమ్మా. చానల్‌కి నేను చెప్పుకుంటాను," అంది. గుణదలలో వంగని మోకాళ్ళు అక్కడ నేల మీద ఉన్నాయి.

"నవ్వు షాటు మరిచిపోయేవు," అన్నారావిడ. చావు సీను అయ్యాక, కీడు తగలకుండా, ఆ నటుల చేత ఒకసారి నవ్వించి కెమెరాలో పట్టడం వాళ్ళ ఆనవాయితీ. "వంకరగా వచ్చినా సరే, తియ్యాలి." అలా అని అప్పుడే నవ్వి చూపించారు. సగం పెదవే కదిలింది. మా ఇద్దరికీ కళ్ళు నిండాయి.

తిరుగుదారిలో జ్యోతి లాప్‌టాప్ తెరిచి, చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చుంది. హనుమాన్ జంక్షన్ వచ్చేసరికి రాయడం మొదలుపెట్టింది. శ్రీను అద్దంలోంచి చూసి కారు నెమ్మది చేశాడు. పొద్దున నేను దేవుడి తల్లిని ఒక మంచి మాట అడిగాను. మాట అవసరమే లేని చోటికి ఆవిడ మమ్మల్ని తీసుకెళ్ళింది. చెల్లి కోసం ఇన్నేళ్ళూ ప్రార్థించాను. అది పెద్ద రచయిత్రి కావాలనే ఎప్పుడూ అడిగాను. ఒకరి ముందు అలా మోకరించగలగాలని అడగాలని నాకు తోచనేలేదు.

ఈ దారిన వెళ్ళేవారికి ఒకటే చెబుతాను. ఎండ రాకముందే గుణదల కొండెక్కండి, మెట్లు కాలవు. కానీ తిరుగులోనూ అక్కడికి ఒక గంట మిగుల్చుకోండి. మేము అడగడానికే వేళ ఉంచుకున్నాం. విమానం టైమైపోయి, కృతజ్ఞత చెప్పుకోవడానికి మిగల్లేదు.