ఎలుక కొరికిన వైరు

మా బావ నడుముకు ఒక కారు తాళంచెయ్యి వేలాడుతుండె. దాని గురించి ఆయన కొట్టే గొప్పలు వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డయ్. బావ అంటే మా అక్క మొగుడు. ఒమన్ దేశంల సమాయిల్ అనే ఊర్లె ఒక ఒమానీ ఇంట్ల డ్రైవర్. ఆ ఇంటాయనను మేం అర్బాబ్ అంటం, అంటే యజమాని. అర్బాబ్ తల్లి ముసలామె. ఆమెను మస్కట్ దవాఖానకు తీస్కపోవుడు, తీస్కచ్చుడు బావ డ్యూటీ. "ఈ తాళం సొంత కొడుకులకు గూడ ఇయ్యడు రా, నాకే ఇస్తడు" అని మీసం తిప్పేటోడు.

నేను అదే ఊర్లె గ్యారేజ్‌ల బండ్ల కరెంటు పని చేస్త. వైర్లు, సెన్సార్లు, ఆ లొల్లి అంత నాదే.

ఒకనాడు ఆ కారు నడి రోడ్డు మీద మొరాయించింది. వెనుక సీట్ల ముసలామె, బయట మాడ్చే ఎండ. బావ యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కారు ఉలకదు పలకదు. ఆమెను వేరే బండిల ఇంటికి పంపి, కారును రికవరీ బండి మీద నా గ్యారేజ్‌కు తెచ్చిండ్రు. అర్బాబ్ మొఖం కందగడ్డ లెక్కయింది. "ఇది నీ నిర్లక్ష్యమని తేలితే మీ దేశానికి పంపిస్త" అని నా ముందటనే బావను అన్నడు. నమాజు వేళైందని మా గ్యారేజ్ పికప్‌ను బావతోని నడిపిచ్చుకోని మసీదుకు పోయిండు.

నేను స్కానర్ పెట్టిన. ఒకటా రెండా, పెడల్ సెన్సార్, ఏసీ గ్యాస్ సెన్సార్, ఇంజన్ గాలి సెన్సార్, అన్నిట్ల వోల్టేజ్ తక్కువ అని చూపెట్టింది. ఇన్ని సెన్సార్లు ఒక్కపారే సావయ్. బండి కంప్యూటర్ కెంచి ఐదు వోల్ట్‌లు ఒకటే లైన్‌ల వచ్చి వీటన్నిటికి పంచుకపోతది. ఆ లైన్ యాడనన్న బండి ఇనుప బాడీకి తాకిందంటే అన్నీ కలిసి పడుకుంటయ్. మీటర్ పెట్టి చూస్తే ఐదు ఉండాల్సిన కాడ ఒక్కటి గూడ లేదు. ఒక్కో సెన్సార్ ప్లగ్గు పీక్కుంట మీటర్ దిక్కు చూసిన. సెన్సార్ చెడిపోతే అది పీకంగనే ఐదు రావాలె. అన్నీ పీకినా రాలె. అంటే కత వైర్ల ఉన్నది. వైర్ల కట్టను చేత్తోని కదుపుకుంట పోతుంటే, రేడియేటర్ పక్కకు రాంగనే మీటర్‌ల అంకె ఎగిరింది.

లైటు కొట్టి చూస్తే, రేడియేటర్ వెనుక ఎండి నల్లగైన నిమ్మకాయ, మిరపకాయలు. బిల్డింగ్ సైట్‌ల చువ్వలు కట్టే బైండింగ్ వైరుతోని, వైర్ల కట్టనూ పక్కనున్న ఇనుప పట్టీనీ కలిపి మెలేసి కట్టిండు మా బావ. దారమైతే ఇంజన్ వేడికి ఆగదని తెలివి! బండి ఊగినకొద్దీ ఆ తీగ రాసుకోని రాసుకోని ఐదు వోల్ట్‌ల వైరు తోలు కోసేసింది. దసరాకు బండికి నిమ్మకాయ కట్టకుంటే మనోళ్లకు పాణం ఊకోదు. బయట కడితే నలుగురు చూస్తరని ఇక్కడ బానెట్ లోపల కడతరు. ఓరి నీ తెలివి తగలెయ్య బావా, అనుకున్న.

తీగ కత్తిరించిన, వైరుకు టేపు చుట్టిన. ఐదు వోల్ట్‌లు టక్కున వచ్చినయ్. మరి అర్బాబ్‌కు ఏం చెప్పాలె? నిమ్మకాయ చూస్తే ఇక్కడోళ్లు చేతబడి అనుకుంటరని మనోళ్లు రూమ్‌లల్ల చెప్పుకునేటోళ్లు. అదీ తల్లి కూసునే బండిల! బావ నౌకరీ పోవుడే గాదు, పోలీసు దాక పోతదేమో. నిమ్మకాయ, మిరపకాయలు, తీగ అన్నీ జేబుల దాసిన.

ఇద్దరు మసీదు కెంచి వచ్చిండ్రు. "ఏమైంది?" అన్నడు అర్బాబ్.

"వైరును ఎలుక కొరికింది అర్బాబ్. బాగు చేసిన."

ఆయన వంగి సక్కగ ఆ రేడియేటర్ వెనుకకే చూసిండు. చాన సేపు చూసిండు. "ఎలుకనా?" అని బావను అడిగిండు. బావ గూడ వంగి చూసిండు, అక్కడేం లేదు. నా మొఖం చూసిండు. నేను కండ్లతోని సైగ చేసిన.

"అవును అర్బాబ్, ఎలుకనే. షెడ్డుల నేను గూడ చూసిన" అన్నడు బావ.

అర్బాబ్ చెయ్యి చాపిండు. బావ తాళంచెయ్యి ఇచ్చిండు. కారు ఆయనే నడుపుకుంట పోయిండు. నేనేమో బావ నౌకరీ కాపాడినోన్నని ఛాయ్ తెప్పిచ్చుకోని కూసున్న. సిగ్గులేని జన్మ.

తెల్లారి బావ ఫోన్ చేసిండు. "నిమ్మకాయ కట్టే ముందు నేను ఆయన్ని అడిగిన రా. దిష్టి తగలకుండ కడతం, కట్టాల్నా అంటే నవ్విండు. ఆ నిమ్మకాయ ఆయన తోటల్దే. తన చేత్తోనే తెంపి ఇచ్చి, నేను కడుతుంటే పక్కనే నిలబడి చూసిండు."

"మరి ఎలుకని ఎందుకన్నవ్ బావా?"

"నువ్వప్పటికే అన్నవ్ గద. ఆయన ముందట బామ్మర్దిని అబద్ధాలకోరు చెయ్యాల్నా?"

ఆ పొద్దుగూకక ముందే నిమ్మకాయ పట్టుకోని అర్బాబ్ ఇంటికి పోయిన. ఆయన ఖర్జూరాలు పెట్టిండు, వాళ్ల కాఫీ కహ్వా పోసిండు. అది ఇంక ఘోరం, తిట్టినా బాగుండు. జరిగింది మొత్తం చెప్పిన. ఆయన నిమ్మకాయను అరచేతిల అటిటు తిప్పి చూసిండు.

"ఇది చూపెట్టి చెప్తే నేను నవ్వుదును. నువ్వు నాకు భయపడ్డవ్, సరే. మీ బావ నిన్నటిదాక నాకు ఎన్నడు అబద్ధం చెప్పలే. అందుకే మా అమ్మను ఆయన చేతుల పెట్టిన."

"బావ తప్పేం లేదు అర్బాబ్, నా కోసం చెప్పిండు."

"తెలుసు. రేపు ఇంకొకల కోసం చెప్తడు."

ఇప్పటికీ అక్క ఊరికెంచి ఫోన్ చేసి "మీ బావ కారు ఎందుకు నడుపుతలేడు రా?" అని అడిగితే మాట దాటేస్త. పాపం, ఆమె ఆయననే అనుమానిస్తది.

ఆనాడు అర్బాబ్ ఇంట్లకెంచి బయటికి వస్తే బావ తోటల పైపు పట్టుకోని ఖర్జూరం చెట్లకు నీళ్లు పెడుతున్నడు. నడుముకు తాళంచెయ్యి లేదు. నన్ను చూసి పండ్లన్నీ బయటపెట్టి నవ్విండు.

"ఏం బామ్మర్ది, ఎలుక దొరికిందా?"

నవ్వుదామంటే నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

"ఏడుస్తవేంది రా" అన్నడు. "చెట్లకు నీళ్లు నేను పెడుతున్న గద."