మా బడి వాన మిషన్

ఇప్పుడు దుండిగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. తొమ్మిదో తరగతిలో మా చేత వాతావరణ కేంద్రం కట్టించిన కంప్యూటర్ సారు మీద కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. ఆయన చెడ్డవాడు కాదు, అదే నా బాధ. చెడ్డవాడైతే అంతగా నమ్మేదాన్నే కాదు.

మచ్చ బొల్లారం నుంచి బండి మీద మేడ్చల్ పక్కనున్న మా ఊరి బడికి వచ్చేవాడు. పూలకుండీల కింద పెట్టే తెల్ల ప్లేట్లు పేర్చి, గాలి ఆడేలా సందులు వదిలి, లోపల వేడినీ తేమనూ కొలిచే చిన్న పరికరం బిగించాం. దాని తీగ కిటికీలోంచి కంప్యూటర్‌కు వచ్చేది. ప్రోగ్రాం సగం నేనే రాశాను. మొదటిసారి అంకె కనబడిన రోజు ఆ ప్లేట్ల సందులోకి నోటితో ఊదితే తెర మీద తేమ పెరిగింది. ఆ సంబరంలో అన్నం తినడం కూడా మరిచిపోయాను.

"మనుషులు గప్పాలు గొడ్తరు బిడ్డా, అంకె కొట్టదు," అనేవాడు సారు.

అవి యాసంగి వడ్లు కోసి కొనుగోలు కేంద్రంలో ఆరబోసే రోజులు. ఒంటిపూట బడి వదలగానే తెర చూసి, నోటుబుక్కులో రాసుకుని, నేరుగా మా కుప్ప దగ్గరికి పోయేదాన్ని. నాయిన నలుగురిలో అడిగేవాడు, "ఏమంటాంది మీ మిషిని?" అని. తేమ లేదు, వాన రాదంటే వడ్ల మీద కప్పే పట్టా మడిచి పక్కన పెట్టేవాడు. చదువు రాని మనిషి నా మాట మీద పంటను ఆకాశం కింద వదిలేస్తుంటే నా కాళ్లు నేల మీద నిలిచేవి కావు.

ఆ రోజు కూడా తేమ లేదనే చెప్పాను. పక్క కుప్ప పెద్దాయన శామీర్‌పేట దిక్కు చూసి, "మబ్బు లేస్తాంది, జల్దీ కప్పుకో తమ్మీ," అన్నాడు. ఆయన పట్టా చినిగిపోయి ఉంది. నాయిన మా పట్టా తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"నువ్వు కప్పుకో అన్నా. నా బిడ్డ బడిల చూసొచ్చింది, వాన రాదు."

గంటలో వాన దంచికొట్టింది. మా పట్టా కింద పెద్దాయన వడ్లు పొడిగా ఉన్నాయి. మా వడ్లు నీళ్లతో కొట్టుకుపోతుంటే నాయిన రెండు చేతులూ అడ్డం పెట్టాడు, నేను చున్నీ అడ్డం పెట్టాను.

మరునాడు బడి ఆవరణలో మడమల దాకా నీళ్లు. తెర మీద మాత్రం అదే పొడి గాలి. స్టూలెక్కి ప్లేట్లు విప్పాను. లోపల చీమలు గూడు పెట్టాయి, తీగ ఊడి వేలాడుతోంది. మరి ఈ అంకెలు ఎక్కడివి? ప్రోగ్రాం తెరిచి చూశాను. నేను రాసిన వరుసల కింద నేను రాయనివి మూడు ఉన్నాయి. ఇంత నుంచి ఇంతలోపు ఏదో ఒక అంకె వేస్తూ పొమ్మని అవి కంప్యూటర్‌కు చెబుతున్నాయి.

అడిగితే సారు దాచలేదు. "ఉగాది ముందే ఖరాబైంది. ఆఫీసర్లు చూడనీకి వస్తమన్నరు, తెర ఖాళీగ ఉంటే మంచిగుంటదా? అయినా గా అంకెలు ఎవరు చూస్తరు బిడ్డా?"

నేను చూస్తానని ఆయనకు తెలుసు. నా నోటుబుక్కులో ప్రతి పేజీ కిందా సంతకం ఆయనదే. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు. ఇక్కడ నమ్మింది నేను, నానింది మా నాయిన వడ్లు.

కుప్ప దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నాయిన తడి వడ్లు తిరగేస్తూనే విన్నాడు. "పోనీ బిడ్డా. నువ్వు చూసిందే చెప్పినవ్," అన్నాడు. దాని బదులు నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ తెల్లవారి ఎండ కాసింది. బడి వదలగానే కుప్ప దగ్గరికి పోయాను. నాయిన నన్ను చూశాడు. చూసి, పెద్దాయన వైపు తిరిగాడు.

"ఏమంటవ్ అన్నా, ఇయ్యాల వాన వస్తదా?"