మునివెంకటమ్మ స్టార్టరు నొక్కిన పొద్దు

లక్కూరులో మునివెంకటమ్మ గురించి రెండు మాటలు చెప్పేవాళ్ళు. ఊరందరికంటే ముందు డెయిరీకి పాలు పోసే మనిషని ఒకటి. కరెంటంటే పారిపోయే మనిషని ఇంకొకటి. రెండూ నిజమే. తెల్లవారి అయిదున్నరకంతా ఆమె క్యాను డెయిరీ అరుగు మీద ఉండేది. ఇంట్లో ఎవరన్నా బల్బు మార్చినా సరే, పని అయిపోయేదాకా ఆమె వాకిట్లో నిలబడేది.

అందుకని ఎవరూ ఆమెను ఎగతాళి చేసింది లేదు. ఆమె పుట్టింది ముళబాగిలు పక్క ఒక చిన్న పల్లెలో. పదకొండేళ్ళప్పుడు, వాన కురిసిన మర్నాడు, వాళ్ళ పెద్దన్న తడి చేత్తో మోటరు స్టార్టరు నొక్కినాడు. అంతే. ఆయన్ను చేలోనుంచి మంచం మీద మోసుకొచ్చినప్పుడు ఆమె వాకిలి ఊడుస్తా ఉండింది. చీపురు చేతిలోనుంచి జారింది గానీ నోట్లోనుంచి ఏడుపు రాలేదు. ఆ రోజు రాని ఏడుపు భయమై లోపలే కూర్చునింది.

పెళ్ళయి లక్కూరు వచ్చినాక ముప్ఫై ఏడేళ్ళలో ఆమె చేయని పని లేదు. బావి నీళ్ళు కడవలతో మోసి మడులు తడిపింది. పట్టుపురుగులు మేపింది, రాగి కోసింది, నాలుగు ఆవుల్ని సాకింది. ఇంటి వెనక ముప్పాతిక ఎకరాలో ఆవులకు సీమగడ్డి, కొత్తిమీర, ఇన్ని మల్బరీ మొక్కలు. అదంతా ఆమె చేతి కష్టమే. బోరు దగ్గరి కరెంటు పెట్టె మాత్రం భర్త శ్రీరామప్పది. "ఆ పెట్టొకటి నాది, మిగతా లోకమంతా నీది" అనేవాడాయన నవ్వుతా.

ప్రతి ఏడూ శివరాత్రికి చలి శివశివా అంటా పోంగానే, శ్రీరామప్ప కొట్టం అటక మీదనుంచి స్ప్రింక్లరు పైపులు దించి, కడిగి, తోటలో పరిచేవాడు. ఎండలు ముదిరేలోపల అంతా సిద్ధంగా ఉండాల. ఈ ఏడు ఆ పని మొదలుపెట్టాల్సిన వారంలోనే కొట్టంలో పేడ మీద కాలు జారి పడినాడు. మోకాలి కింద ఎముక విరిగింది. ఆస్పత్రిలో సిమెంటు కట్టు వేసి, ఆరు వారాలు కాలు నేల మీద మోపేదానికి లేదన్నారు.

కాలు బాగయ్యేదాకా ఎండ ఆగుతుందా? మార్చి రెండో వారానికే గడ్డి కొసలు పసుపు తిరిగినాయి. కొడుకు నాగేశ్ నరసాపురంలో బండ్ల ఫ్యాక్టరీలో పనిచేస్తా, పెండ్లాంతో అక్కడే కాపురముండాడు. మునివెంకటమ్మ ఫోను చేసింది.

"అమ్మా, ఈ ఆదివారం కూడా డ్యూటీ వేసినారు. వచ్చే ఆదివారం ఎట్లయినా లీవు పెట్టి వస్తా. అంతవరకు ఓపిక పట్టండి" అన్నాడు వాడు.

"నేను పడతానప్పా. గడ్డి పట్టదు" అని ఆమె ఫోను పెట్టేసింది.

ఆ పూటే మొగుని మంచాన్ని వెనక పంచలోకి లాగింది, తోటంతా కనపడేటట్ల. "పైపులు నేను దించుతా. ఏది ముందో ఏది వెనకో నువ్వు చెప్పు" అనింది.

శ్రీరామప్ప ఆమెను ఎగాదిగా చూసి, "దించేది సరే మునెమ్మా. పెట్టె దగ్గరికి ఎవరు పోతారు?" అన్నాడు.

"ఆ మాట అప్పుడు చూస్తాం" అనింది. ఏం చూస్తుందో ఆమెకూ తెలీదు.

రెండు రోజులు పట్టింది. ఇరవై పైపులూ దించి ఒక్కోదాన్నీ ఒక కొస పట్టుకుని విదిలిస్తే, సాలెగూళ్ళు, ఎండిన బల్లి, ఒకదాంట్లోనుంచి ఎలక పిల్లల గూడే రాలింది. రబ్బరు రింగులు కొన్ని ఎండి పగిలినాయి. మాలూరు అంగడినుంచి కొత్తవి తెప్పించింది.

"రింగుకు సబ్బు నీళ్ళు పూయి మే, లేకుంటే పైపు ఎక్కదు!" పంచలోనుంచి శ్రీరామప్ప అరుస్తాడు.

"పూస్తానే ఉండా."

"క్లిప్పు వేసినాక ఒకసారి లాగి చూడు!"

"లాగినా. నీ గొంతు అరిగిపోతుంది, రవంత నీళ్ళు తాగు."

ఎనిమిది స్ప్రింక్లరు తలకాయలు గోనెసంచిలో ఉన్నాయి. మూడింటి రంధ్రాల్లో కందిరీగలు మట్టి కూరి గూడు కట్టుకున్నాయి. ఇనుప తీగ పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై నీళ్ళు దూరం విసరదని ఆయన చెప్తే, చీపురుపుల్లతో ఓపిగ్గా తవ్వింది. ఒక్కోటి చేత్తో తిప్పి చూసి నిలువు పైపులకు బిగించింది. పైపులన్నీ నల్లగా, తిన్నగా గడ్డి మడుల మధ్య పండుకున్నాయి. ఇంగ మిగిలింది పెట్టె ఒక్కటే.

మర్నాడు పదింటికి త్రీ ఫేజు కరెంటు వచ్చింది. శ్రీరామప్ప ఈసారి అరవలేదు. మెల్లిగా చెప్పినాడు. "పెట్టె కింద ఎండిన చెక్క పలక వేసినా చూడు, దాని మీద నిలబడు. కాళ్ళకు రబ్బరు చెప్పులు. చేయి పొడిగా తుడుచుకో. పచ్చది నొక్కితే నడుస్తాది, ఎర్రది నొక్కితే నిలుస్తాది. నీకు వద్దనిపిస్తే వచ్చేయి మునెమ్మా. ఎవరినైనా పిలుస్తాం."

ఆమె చేయి చీర చెంగుకు మూడుసార్లు తుడుచుకునింది. పలక మీద నిలబడింది. అన్న ముఖం గుర్తు చేసుకోవాలని చూస్తే రాలేదు. ఆయన వేసుకున్న గళ్ళ చొక్కా మాత్రం కనిపించింది. 'ఆ పొద్దు వాన, ఈ పొద్దు ఎండ' అని తనకు తాను చెప్పుకుని, కండ్లు మూసుకోకుండా పచ్చ బటను నొక్కింది.

పెట్టె టక్కుమనింది. మోటరు గుయ్యిమని పాడింది. ఆమెకేమీ కాలేదు.

కానీ సంతోషపడేదానికి టైము దొరకలేదు. స్ప్రింక్లర్లలోనుంచి నీళ్ళు ముసలాయన ఉమ్మినట్ల కారినాయి. ఒక్క తల కూడా తిరగలేదు. పావుగంట చూసింది. అదే కథ. ఎర్ర బటను నొక్కి పంచలోకి వచ్చేసరికి శ్రీరామప్ప ముఖం పాలిపోయి ఉండింది.

"బోరు పోయింది మే" అన్నాడు.

పోయిన నెలే పక్క తోట ఆదినారాయణప్ప బోరు ఎండింది. ఆయన కొత్తది పదిహేనువందల అడుగులు తవ్విస్తే తెల్ల దుమ్ము లేచింది, చుక్క నీళ్ళు పడలేదు. ఆ దుమ్ము ఈ ఇంటి కిటికీల మీద కూడా పడింది. శ్రీరామప్ప ఆ పొద్దంతా అన్నం సరిగా తినలేదు. "రెండావుల్ని అమ్మాలేమో" అని ఒకసారి గొణిగినాడు. మునివెంకటమ్మ పొయ్యి మీది రాగిముద్ద కెలికింది.

మర్నాడు తెల్లవారి పాలు పిండి వడకడతా ఉండింది. గుడ్డ పాతది, మీగడ పట్టి మూసుకుపోయినట్లుంది. పైన పాలు నిండుగా నిలబడితే, కింద క్యానులోకి సన్నంగా కారతా ఉంది. ఆమె గుడ్డను చూస్తా అట్లే నిలిచిపోయింది.

ఆదినారాయణప్ప బోరు పోయినప్పుడు ఆమె కండ్లతో చూసింది. పైపు గాలి కక్కింది, బురద కక్కింది, దగ్గింది. నిన్న తమ పైపు దగ్గలేదు. నీళ్ళు సన్నంగానే అయినా ఆగకుండా, తేటగా వచ్చినాయి. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. నిన్న బోరు దగ్గర పైపు మీద చేయి వేస్తే అది బిగిసి వణికింది. రెండడుగుల అవతల, నల్ల డబ్బా దాటినాక, మెత్తగా ఉండింది. ఆ డబ్బా పోయినేడు కొత్త పైపులతోబాటు వచ్చిన ఫిల్టరు.

క్యాను డెయిరీలో దించి పరుగున వచ్చింది. "ఇద్దో, ఆ నల్ల డబ్బాను ఎప్పుడన్నా విప్పి కడిగినావా?"

శ్రీరామప్ప నెత్తి గోక్కున్నాడు. "లేదు మే. ముందర అది మనకు లేదు కదా. నాకు గుర్తే రాలేదు."

మోటరు ఆపే ఉండాదని రెండుసార్లు చూసుకుని, డబ్బా మూత బిగింపు విప్పింది. లోపల సన్న వల కనపడనే లేదు. బోరు తుప్పు, ఎర్రమట్టి, పాచి కలిసి ఎండి, రాగి రొట్టె మందాన పట్టి ఉండింది. పాల క్యాన్లు కడిగే బ్రష్షుతో గంటసేపు రుద్దింది. కడిగిన నీళ్ళు కాఫీ రంగు పోయి తేటగా వచ్చేదాకా వదల్లేదు. వలను ఎండకెత్తి చూస్తే రంధ్రాల్లోనుంచి వెలుతురు వచ్చింది. మళ్ళీ బిగించింది.

పది గంటలకు పలక ఎక్కింది. ఈసారి చేయి ఒక్కసారే తుడుచుకునింది.

పచ్చ బటను నొక్కినాక మొదట పైపులు బుస్సుమన్నాయి. తరువాత దగ్గరి తల ఒకసారి ఎగిరి ఆగింది. మళ్ళీ ఎగిరింది. చిక్ చిక్ చిక్ అని తిరిగింది. దాని వెనక రెండోది, మూడోది. చూస్తా చూస్తా ఉండగానే ఎనిమిదీ అందుకున్నాయి. నీళ్ళు మల్బరీ కొసలదాకా విసిరి కొట్టినాయి. ఎండిన మట్టి వాసన లేచింది. కంచె మీది కాకులు ఎగిరిపోయి, నిమిషానికే తడవడానికి మళ్ళీ వచ్చినాయి.

ఆమె పంచ వైపు తిరిగి చూస్తే శ్రీరామప్ప కట్టు కాలు చాపుకుని, మంచం పట్టె గట్టిగా పట్టుకుని కూర్చుని ఉండాడు. కండ్లు తుడుచుకుంటా నవ్వుతా ఉండాడు.

"ఉండాది మే! బోరు ఉండాది!"

"బోరు యాడికి పోతాది? నీ బుద్ధే పోయింది" అనింది. గట్టు మీద చతికిలబడింది. నిన్నటినుంచి మోసిన బరువు వీపు మీదనుంచి దిగినట్లయింది. తిరిగే నీళ్ళు ముఖాన పడి, జడ తడిసి, చీర తడిసింది. అయినా లేవలేదు. ఎప్పుడో పదకొండేళ్ళప్పుడు రాని ఏడుపు కొంచెం వచ్చిందేమో, నీళ్ళలో ఎవరికీ తెలీలేదు. ఆమె కూడా దాన్ని పట్టించుకోలేదు.

మధ్యాన్నం నాగేశ్‌కు ఫోను చేసింది. "నువ్వు లీవు పెట్టొద్దప్పా. నీళ్ళు పారినాయి."

"ఎవరు వేసినారమ్మా మోటరు?"

"నేనే."

"నువ్వా?" అన్నాడు వాడు.

"ఊఁ. ఆదివారం ఊరికే వస్తే రా. పెండ్లాన్ని పిలుచుకుని రా, కొత్తిమీర తీసుకునిపోవచ్చు."

సాయంత్రం గంగులమ్మ కంచె దగ్గరికి వచ్చింది. ఆమె ఆదినారాయణప్ప పెండ్లాం. తడిసిన గడ్డి వైపు ఆశగా చూస్తా, "మీ బోరన్నా నిలిచింది తల్లీ" అనింది. మునివెంకటమ్మ ఆమె చేయి పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టుకునింది. "మీ ఆవులకు గడ్డి ఈ పక్కనుంచి కోసుకుపో గంగులమ్మా. రేపటినుంచి పైపు ఒకటి మీ తొట్టి దాకా లాగుతా. మా ఆయన కాలు బాగయ్యేదాకా మోటరు వేసేది నేనే కదా, అడిగేవాళ్ళు లేరు."

పంచలోనుంచి శ్రీరామప్ప, "కాలు బాగైనాక మాత్రం నన్ను అడుగుతారా ఎవరన్నా?" అన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళూ నవ్వినారు.