మూడో ఆదివారం అభ్యంతరం

ఆ రోజుల్లో అమీర్‌పేటలో బండెక్కే ప్రతి అమ్మాయీ ముఖానికి స్కార్ఫ్ చుట్టేది, కళ్లు తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. దుమ్ముకని చెప్పేవాళ్లం. (అసలు భయం దుమ్మంటే కాదు, మేనత్తలంటే.) నాకూ ఒక మేనత్త ఉండేది. మెయిన్ రోడ్డు మీద మొదటి అంతస్తు, బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ. మేం సీసీటీవీ అత్త అనేవాళ్లం. తన కొడుక్కి నన్ను చేసుకోవాలని ఆవిడకు ఎప్పటినుంచో ఆశ. నేను మా చర్చిలో గిటార్ వాయించే అబ్బాయిని చేసుకుంటానన్నాక ఆ కుర్చీ రోడ్డు వైపు ఇంకాస్త జరిగింది.

మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమంటారు. ఎవరూ చెప్పరు. ఆ కాసేపూ జనం పెళ్లి బిర్యానీ గురించి ఆలోచించుకుంటారు. మూడో ఆదివారం మా పాస్టర్ అయ్యగారు అడగడం అడిగి, జవాబు కోసం చూడకుండానే కాగితం మడుస్తుంటే అత్త లేచింది. "నాకున్నది అయ్యగారూ. గీ పిలగాడు బండి మీద రోజుకొక పిల్లను తిప్పుతుండు. నా కండ్లతోని చూసిన. ఒకనాడు ఎర్ర స్కార్ఫ్, ఒకనాడు పచ్చది, మొన్న చుక్కలది." నేను మగవాళ్లు కూర్చునే వరసల వైపు చూశాను. పెళ్లికొడుకు తలొంచుకుని నేల చూస్తున్నాడు, కాదని ఒక్క మాట అనడు!  పెళ్లయ్యేదాకా ఆ బండి ఎక్కనని అమ్మకు మాటిచ్చి, నిజంగానే ఎక్కని దద్దమ్మను నేను. అయినా ఎలా లేచానో లేచాను. "ఆ స్కార్ఫులన్నీ నావే అయ్యగారూ. బండి మీదున్నది నేనే." అమ్మ నా కొంగు పట్టి లాగింది. అత్త వదిలితేనా! "చుక్కల స్కార్ఫ్ పిల్ల జర లావుగున్నది కదనే?" "స్వెటర్ ఏసుకున్న అత్తా." "గీ ఎండలనా?" అయ్యగారు గట్టిగా దగ్గి, ప్రార్థన చేద్దామన్నారు. కళ్లు మూసుకుని నేను దేవుణ్ణి క్షమించమని అడగలేదు, ఆ ముగ్గురూ ఎవరని అడిగాను.

గేటు బయట పెళ్లికొడుకుని నిలదీశాను. "ఒట్టు, వాళ్ల పేర్లు సుత తెల్వదు," అన్నాడు. (ఇంతకన్నా దిక్కుమాలిన జవాబు నేను వినలేదు.) "పేర్లు తెల్వకుండనే ఎక్కించుకుంటవా?" "అమీర్‌పేట మెట్రో కాడ ఎక్కుతరు, పంజాగుట్టల దిగుతరు." ఫోన్ తీసి చూపించాడు. బైక్ ట్యాక్సీ యాప్! ఆ ముగ్గురూ కిరాయికి ఎక్కినవాళ్లే. పంజాగుట్టలో అతని ఉద్యోగం ఎప్పుడో పోయిందట. "చెప్తే పెళ్లొద్దంటవేమోనని భయమైంది." ముగ్గురు సవతులు ఒక్కసారిగా మాయమైన సంతోషం కాసేపైనా నిలవలేదు, ఏడుపు ముంచుకొచ్చింది. "అందరి ముంగట నీ కోసం అబద్ధమాడిన. నాకొక్కదానికి నిజం చెప్పలేకపోయినవా?" అతను నేరుగా నాన్న దగ్గరికెళ్లి, అత్త వింటుండగానే ఉన్నదంతా చెప్పేశాడు. నాన్న చాలాసేపు గొణుక్కున్నాడు గానీ పెళ్లి ఆపలేదు. అత్త మాత్రం ఒక్కటే అడిగింది: "మరి స్వెటరు?"

ఆ రోజు నేను తనను నమ్మి లేచానని మా ఆయన ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్పుకుంటాడు. నిజానికి లేచినప్పుడు నాలో నమ్మకమూ లేదు, నా తలకాయా లేదు. అత్త ముందు ఓడిపోకూడదన్న పంతం తప్ప. ఆ మొండిపిల్లను తలుచుకుంటే నాకే ముద్దొస్తుంది. నమ్మకం ఆ తర్వాత, అతను నాన్న ముందు చేతులు కట్టుకుని నిలబడ్డప్పుడు వచ్చింది. ఈ సంగతి మా ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు.