బాతులు తిన్న ముగ్గు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా తల నెరవలేదు. అయినా పరాయి దేశంలో, సస్కటూన్‌లో చదువుకున్న ఆ చలికాలాలు తలచుకుంటే అవి నావి కావేమో, నాకంటే చాలా ధైర్యమూ చాలా తక్కువ బుద్ధీ ఉన్న ఇంకో పిల్లవేమో అనిపిస్తుంది. ఊరంతా మాలాంటి స్టూడెంట్లే. బస్సెక్కితే తెలుగు, కాఫీ కొట్టులో కౌంటర్ వెనక తెలుగు, అద్దెకు గది చూడబోతే మాకంటే ముందు వరసలో నిలబడిందీ తెలుగే. మేం ముగ్గురం ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఒకరిది వరంగల్, ఒకరిది తెనాలి, నాది కడప. ఒకరినొకరం ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం (అసలు పేర్లు కాలేజీ వాళ్ళు చూసుకునేవారు). వరంగల్ వంట చేసేది, తెనాలి తింటూ వంకలు పెట్టేది, నేను ఇద్దరికీ సర్దిచెప్పేదాన్ని. వాళ్ళనడిగితే నా గురించి వేరే చెబుతారు, అది వేరే సంగతి.

ఆ ఏడు ఆకులు రాలే రోజుల్లో మా ఓనరు ఇల్లు అమ్మేశాడు. నెలాఖరుకు ఖాళీ చేయాలి. ఒక్కొక్కరికైతే ఎవరి హాల్లోనో ఓ మూల పరుపు దొరుకుతుంది గానీ, ముగ్గురికీ కలిపి ఎక్కడా దొరకలేదు. విడిపోవడం అన్న మాట ఎవరమూ పైకి అనలేదు. కానీ తెనాలి తన గిన్నెలు వేరుగా సర్దుకోవడం చూసి వరంగల్ ఆ పూట అన్నం తినలేదు.

అప్పుడు ఆదుకున్నది ప్రొఫెసర్ అంకుల్. గుంటూరు వైపు ఆయన, ఇక్కడి యూనివర్సిటీలో పంటల గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఊరి చివర మొబైల్ హోమ్‌ల పార్కులో ఒక లాట్, అంటే ఇల్లు పెట్టుకునే జాగా, తీసుకుని, అందులో పెట్టడానికి ఓ పాత మొబైల్ హోమ్ కొన్నారు. (ట్రక్కుకు తగిలించి లాక్కొచ్చి, చదును చేసిన నేల మీద నిలబెట్టే ఇల్లది. ఫోన్‌లో మా అమ్మకు చెబితే, "రైలు పెట్టె మాదిరా?" అంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.)

"చూడండమ్మా, బుధవారం కంకర వస్తుంది, గురువారం ఇల్లొస్తుంది. ఈలోపు లాట్ రెడీ కావాలి. నేల గడ్డకట్టిందంటే మళ్ళీ మే నెల దాకా ఏమీ చేయలేం. నాకా నడుం వంగదు. మీరు ముగ్గురూ ఓ చెయ్యేస్తే అందులో మీరే అద్దెకుందురుగాని" అన్నారు.

పారలు పట్టాం. పచ్చికంతా చెక్కి ఎత్తిపోయడం, పల్లాల్లో మట్టి నింపడం, మళ్ళీ చదును చేయడం. "ఇంజినీరింగ్ జేసి గడ్డి పీకుతున్నమే, మా బాపు సూస్తె ఏమంటడో" అని వరంగల్ పార దించినప్పుడల్లా అనేది. అంకుల్ మంకీ క్యాప్ పెట్టుకుని మడత కుర్చీలో కూర్చుని, "వాలమ్మా, వాలు! నీళ్ళు ఇంటి కిందికి రాకూడదు!" అని కేకలేసేవారు. మంగళవారానికి నేల సిద్ధమైంది. ఆయన టేపుతో కొలిచి మూలల్లో మేకులు కొట్టించి, తాడు లాగించి, కంకర ఎక్కడ పోయాలో లారీ అతనికి తెలిసేలా తాడు వెంబడి గీత గీయమని నారింజ రంగు స్ప్రే డబ్బా నా చేతికిచ్చారు.

అక్కడ నాలోని మేస్త్రీ కూతురు లేచింది. మా నాయన కడపలో ఇళ్ళు కట్టించే మేస్త్రీ. "ఏంది అంకుల్, ఇంటికి ముగ్గు పోయాల గానీ పెయింట్ కొడతారా ఎవరన్నా? మా నాయన పోసిన ముగ్గు మీద వీధులకు వీధులు లేచినాయి!" అన్నాను. (నేను మాత్రం ముగ్గు డబ్బా పట్టుకుని ఆయన వెనక నడిచినదాన్నే, ఒక్క ఇంటికీ పోసినదాన్ని కాదు.) అంకుల్ స్ప్రే డబ్బా నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టారు. తర్వాత, "ఈ దేశంలో ఇన్ని ఇళ్ళు మారాను, ఒక్కదానికీ ముగ్గు పోయలేదమ్మా. కానివ్వు, పోయ్" అన్నారు.

రాతిముగ్గు సస్కటూన్‌లో ఎక్కడ దొరుకుతుంది? తెనాలి చెక్కలు వండుకుందామని దాచుకున్న బియ్యప్పిండి సంచి బయటికి తీయించాను. "అది చెక్కలకే, ముట్టుకున్నావంటే ఊరుకోను!" అంది. "ఇల్లే లేకుంటే చెక్కలు యాడ వండుతావు మే?" అన్నాను. విసురుగా సంచి మూతి విప్పింది. గీత చక్కగా పడింది. ఉత్సాహం ఆగక మూలల్లో పద్మాలు కూడా వేశాను. ఫోటో తీద్దామంటే తాడూ మేకులూ అడ్డంగా, అసహ్యంగా కనిపించాయి. గీత పడ్డాక అవెందుకని అన్నీ పీకేశాను. ఫోటో చూసి మా నాయన, "బాగుండాది పాపా" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆ సాయంత్రం నేను నేల మీద నడవలేదు.

తెల్లవారి వెళ్ళేసరికి లాట్‌లో బాతుల గుంపు. చలికి దక్షిణం వైపు వలస పోయే పెద్ద పెద్ద అడవి బాతులు, తలలు వంచుకుని, పెళ్ళిలో పంక్తి భోజనానికి కూర్చున్నట్టు బారులు తీరి ఉన్నాయి. వరంగల్ పార ఎత్తి తరిమింది. అవి బుసకొట్టి దాన్నే తరిమాయి. తినాల్సింది తిన్నాక, తమకు తోచినప్పుడు లేచిపోయాయి. ముగ్గు లేదు. పద్మాలూ లేవు. సరిగ్గా అప్పుడే కంకర లారీ వచ్చి ఆగింది.

డ్రైవర్ దిగి, గీత ఎక్కడ అని అడిగాడు. నా ఇంగ్లీషులో నేను జరిగింది చెప్పాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "పిండితో గీశారా? బాతులు దిగే నెలలో?" అన్నాడు. మళ్ళీ మొదటినుంచి కొలిచే వ్యవధి లేదు. అతనికి ఇంకా లోడ్లున్నాయి, ఇప్పుడు వెళ్ళిపోతే వచ్చే వారమే. రేపు ఇల్లొస్తుంది, నిలబెట్టే చోటుండదు. వెనక్కి తీసుకుపోతారు. తర్వాత నేల గడ్డకడుతుంది, మేం తలో దిక్కుకు పోతాం. నా పద్మాల వల్ల. వరంగల్ తిట్టి ఉంటే బాగుండేది. "పోనియ్యే, బాతులన్న కడుపునిండ తిన్నయ్" అని నా వీపు నిమిరింది. ఆ మాటకు ఏడ్చేశాను.

తెనాలికి ఏడవడానికి కూడా శుభ్రమైన చోటు కావాలి. "ఛీ ఛీ, ఎక్కడ అడుగేసినా రెట్టలే! ఈ బూట్లింక పనికిరావు" అని సణుగుతూ అటూ ఇటూ గెంతి, చప్పున ఆగి, "ఏయ్, ఇటు చూడండే. లోపలంతా శుభ్రంగా ఉంది. గీత మీదే పెట్టాయి!" అంది.

చూశాం. గీత వెంబడి నిలబడి తిన్న బాతులు, ఆ గీత వెంబడే రుణం తీర్చుకుని వెళ్ళాయి. మూలల్లో పద్మాలున్న చోట ఇంకాస్త ధారాళంగా. అంకుల్ కుర్చీలోంచి లేచి, రెండు మూలలు టేపు పట్టి చూసుకుని, "సరిపోయిందమ్మా, అంగుళం అటూ ఇటూ లేదు!" అన్నారు. డ్రైవర్ లారీ టైరు పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే, ఆ రెట్టల హద్దుల్లోపల చక్కగా కంకర పోసి వెళ్ళాడు. ఆ రోజంతా మేం దాన్ని అణగ్గొట్టే దిమ్మిస మిషన్ తోలాం.

గురువారం ఇల్లొచ్చింది. వచ్చి, కంకర మీద పేర్చిన దిమ్మెల మీద కుదురుగా కూర్చుంది. మెట్లు మాత్రం రాలేదు, దారిలోనే విరిగాయట. గుమ్మం మా ఛాతీ ఎత్తున ఉంది. పొడుగ్గా ఉండే వరంగల్ ముందు ఎగబాకి, గుమ్మంలో బోర్లా పడుకుని చెయ్యి చాచి తెనాలిని లాగింది. పాలగిన్నెతో సహా. కింద నేను తోస్తే, పైన వాళ్ళు లాగితే, అంకుల్ కూడా ఎక్కారు. చివరికి నేను. "కుడికాలమ్మా, కుడికాలు!" అని అంకుల్ లోపలినుంచి అరుస్తూనే ఉన్నారు. ముందు వెళ్ళింది నా ఎడమ మోకాలు. నలుగురం ఉత్త నేల మీద కూలబడి ఊపిరందక నవ్వాం. అంత సంతోషం నాకు మళ్ళీ ఏ ఇంట్లోనూ కలగలేదు.

ఇప్పుడు వరంగల్ విండ్సర్‌లో, తెనాలి ఎటోబికోలో, రెండూ ఇక్కడికి విమాన దూరం. నేను ఇక్కడే ఉండిపోయాను. మా ఇంటికి గట్టి మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ ఉంది. సరుకుల సంచులతో ఆయాసపడుతూ ఎక్కేటప్పుడు అప్పటి ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఛాతీ ఎత్తు గుమ్మం ఒక్క ఉదుటున ఎక్కేసింది మరి. పైనుంచి ఇద్దరు రెక్కలు పట్టి లాగుతున్నా, తనంతట తానే ఎక్కాననుకుంది.