బొంతలో పోయిన సూది

మా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం మా అవ్వ సూది కనబడకుండా పోయింది...

వడమాలపేట దగ్గర మా పల్లె. అమ్మ, నాయన చెనిక్కాయలు పెరకడానికి చేలోకి పోయారు. అవ్వ వసారాలో కూర్చుని తమ్ముడు మునిగాడికి బొంత కుడుతోంది. వాడు అప్పుడప్పుడే పాకుతున్నాడు.

అవ్వకు టేపు లేదు, కాగితం మీద గీత తెలియదు. పాత నూలుచీరల మడతల మీద వాడిని పడుకోబెట్టింది. తలపైన జానెడు, కాళ్ల కింద మూరెడు వదిలి బొగ్గుతో గీసింది. "రేపు పెరగడా వీడు?" అంది. పొరలు జరగకుండా మూలలకు రాళ్లు పెట్టి, అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ పోవడమే...

దారం అయిపోయింది. సూదిని బొంతకు గుచ్చి దారపుండ కోసం లోపలికి పోయింది. తిరిగొచ్చేసరికి మునిగాడు బొంత మధ్యలో ఉన్నాడు. వేళ్లు నోట్లో ఉన్నాయి. గుచ్చిన చోట సూది లేదు.

"పాపా, సూది యాడే?" అంది గడపలో కూర్చున్న నాతో.

"నువ్వే గదవ్వా గుచ్చినావు..."

అప్పుడే వాడు ఏడుపు ఎత్తుకున్నాడు. ముఖం ఎర్రబడిపోయింది. అవ్వ వాడిని ఎత్తుకుని నోట్లో వేలు పెట్టి చూసింది. నాలుక కింద, చిగుళ్ల వెంట తడిమింది.

పక్కింటి కన్నెమ్మత్త గోడ మీదనుంచి తొంగి చూసింది. "బిడ్డ మింగేసినాడేమో సూడు పెద్దమ్మా! అరిటిపండు పెట్టు, సూది దాంట్లో సుట్టుకోని బయటికొస్తాది."

"నీ నోట్లో మన్నుబడ! ఆడ నిలబడి ముచ్చట్లు జెప్పాకుండా వొచ్చి వెతుకు," అంది అవ్వ. అమ్మావాళ్లను పిలుచుకు రమ్మని నన్ను చేలోకి తరిమింది.

గట్ల మీద పరుగెత్తుతూ నా గొంతు నేనే తడుముకున్నాను. మింగిన సూది ఈపాటికి ఎక్కడిదాకా పోయి ఉంటుంది... అంత చిన్న కడుపులో ఎటు తిరుగుతుంది...

అమ్మ మట్టిచేతులతోనే వచ్చి వాడిని లాక్కుంది. "పుత్తూరు ఆస్పత్రికి పోదాం పదత్తా!" సాయంత్రం దాకా బస్సు లేదు. నాయన ఎవరిదైనా మోపెడ్ దొరుకుతుందేమోనని ఊర్లోకి పరుగెత్తాడు.

అప్పటికే అవ్వ, కన్నెమ్మత్త అరచేతులతో బొంతంతా తడిమారు. నేలంతా చీపురుతో ఊడ్చారు. దొరకలేదు.

మా అవ్వకు రవిక తొడిగే అలవాటు లేదు. పైట తీసి నడుముకు చుట్టుకుని, బొంత మీద వెల్లకిలా పడుకుంది.

"యేం జేస్తా ఉండావత్తా?" అని అరిచింది అమ్మ.

"చేతికి దొరకంది వొంటికి దొరకతాది. గమ్మునుండు."

మెల్లగా దొర్లింది... భుజం అదిమి పెట్టి, నడుము అదిమి పెట్టి, ఈ అంచు నుంచి ఆ అంచుకు. అమ్మ చంకలో మునిగాడు ఏడుస్తూనే ఉన్నాడు. నేను స్తంభం పట్టుకుని దేవుడికి మొక్కాను. గుచ్చుకోవాలని... మా అవ్వకు గుచ్చుకోవాలని.

ఒకచోట అవ్వ ఆగిపోయింది. పళ్లు బిగించింది.

"ఉండాది," అంది.

లోపలికి దిగిపోయిన సూది బొంత పొరల్లోనుంచి లేచి, అవ్వ ఎడమ భుజం కింద దిగబడింది. కన్నెమ్మత్త పెరికింది. అమ్మ ఉన్నచోటే కూలబడి వాడిని రొమ్ముకు పెట్టుకుంది. వాడు గుటకలు వేసి ఊరుకున్నాడు. ఆకలి, అంతే...

నాయన మోపెడ్ తెచ్చి వాకిట్లో ఆపి, "ఎక్కండి బిరీన!" అని కేకేశాడు.

"యాడికన్నా? సూది మీయమ్మ వీపులో ఉన్నింది," అంది కన్నెమ్మత్త. నవ్వబోయి ఏడ్చేసింది.

అవ్వ పైట సర్దుకుని, బూడిద అద్దమని నాకు వీపు చూపించింది. ఆ పూట మళ్లీ కుట్టలేదు. నేను చాలా రోజులు ఆ వసారాలో కాలు పెట్టలేదు.

ఆ తర్వాత ఎవరి బిడ్డకు బొంత కుట్టినా, ఇచ్చే ముందు తలుపు వేసుకుని ఒకసారి దాని మీద దొర్లి లేచేది.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లల పరుపులు జిప్పు సంచుల్లో వస్తాయి. మెత్తగా ఉంటాయి, బొమ్మలుంటాయి... వాటి మీద బిడ్డకంటే ముందు ఎవరూ పడుకుని ఉండరు.

మీ ఇళ్లలో బొంతలు ఎవరు కుట్టేవారు? ఆమె గురించి రెండు మాటలు రాయండి...