గుండ్రంగా కత్తిరించిన మూలలు

చిరుగు కనపడకుండా దారం అల్లడమే ఆయన వృత్తి. కోటు తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు చిరుగెక్కడుండేదో వెలుతురులో పెట్టి వెతుక్కునేవాళ్లు. ఆయన మాత్రం ఒకటే మాట అనేవాడు: "కుట్టగానే పని అయిపోదు. గుడ్డ కుదురుకునేదాకా లాగకండి."

కూతురిది కళ్లద్దాల దుకాణంలో ఉద్యోగం. వచ్చినవాళ్ల మొహానికి ఎదురుగా అద్దం పట్టుకుంటుంది, అందులో తన మొహం పడకుండా పక్కకి ఒరుగుతుంది. చిన్నప్పుడు గాజు తలుపు పగిలి చెంప మీద పడిన మచ్చ, పెదవిని ఒక పక్కకి గుంజుతూ ఉండేది. ఇన్నేళ్లకి డాక్టరు ఆ మచ్చను కోసి తీసేసి, సన్నగా మళ్లీ కుట్టాడు. కుట్లు విప్పాక నర్సు జాగ్రత్తలు చెప్పింది.

"కొన్ని నెలలు కాగితం టేపు వేసుకోవాలమ్మా. ఎండ తగలనివ్వకు. గట్టిగా నవ్వకు, ఏడవకు. చర్మం లాగితే మచ్చ వెడల్పవుతుంది."

టేపు పని తండ్రి తీసుకున్నాడు. ముక్కలు కత్తిరించి, మూలలన్నీ గుండ్రంగా చేసేవాడు. మూల ఉంటే అక్కడే లేస్తుందట. ఊపిరి బిగబట్టి మరీ అంటించేవాడు.

"ఊపిరి తీసుకో నాన్నా! నేను కోటుని కాదు."

"కోటే నయం. నోరు మూసుకుని పడుంటుంది."

ఆమెకి నవ్వు తన్నుకొచ్చేది. అరచేత్తో చెంప అదిమిపట్టి, "నవ్వించకు, లాగుతోంది!" అని ఆయన మోకాలి మీద ఒక్కటి వేసేది.

ఒక మధ్యాహ్నం ఆయన బల్ల మీద తల వాల్చాడు, మళ్లీ ఎత్తలేదు. సూదిలో దారం సగం కుట్టులోనే ఉండిపోయింది.

ఇల్లంతా జనం. కూతురు ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. లోపల్నుంచి ఏడుపు ఎగదన్నినప్పుడల్లా పళ్లు బిగించి చెంప నొక్కుకుంది. మేనత్త చూసి ఊరుకోలేకపోయింది.

"కన్నతండ్రి పోతే కంట తడన్నా లేదు. మొహం పాడవుతుందని భయం కాబోలు!"

అది నిజమే. కానీ ఆ చెంప మీద ఉన్నది పొద్దున ఆయన అంటించిన టేపు. ఆయన చేతిపనిలో ఇంకా కుదురుకోవలసింది అదొక్కటే మిగిలింది. ఆ మాట అత్తకి చెప్పాలంటే నోరు తెరవాలి. తెరిస్తే ఏడుపు ఆగదు.

గుండీల డబ్బాలో ఆయన ముందుగా కత్తిరించి పెట్టిన ముక్కలు దొరికాయి. వాటినే వాడుకుంటూ వచ్చింది. చివరికి నర్సు టేపు తీసేసి, "చక్కగా మానింది. ఇక నవ్వుతావో ఏడుస్తావో నీ ఇష్టం" అంది.

ఇంటికొచ్చేసరికి అత్త వచ్చి ఉంది. గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వైపు తిప్పింది. "ఏదే, ఎక్కడ?" అంటూ చాలాసేపు వెతికింది. "అన్నయ్య ఉండి చూడాల్సింది పిల్లా..."

ఆమె చెయ్యి చటుక్కున చెంప మీదికి వెళ్లింది. అత్త ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"చాల్లేమ్మా. ఇక వదిలెయ్."

వదిలేసింది. అత్త భుజం తడిసిపోయింది. అంత ఏడుస్తూ కూడా, చెయ్యి చెంప వైపు వెళ్తూనే ఉంది.